మూడో గంట లేని చోట

ఏడు కొండల మీద కట్టారట ఈ ఊరు.
రైల్లో పక్కసీటాయన ఆ మాట అనగానే
నా చేతులు రెండూ వాటంతటవే కలిశాయి.
పాపం, ఆయనకేం అర్థమైందో
తనూ జోడించాడు.

షెఫీల్డ్ స్టేషన్ బయట
ఉక్కుగోడ మీంచి నీళ్ళు జారే చోట నిలబడమన్నారు.
ఆరేళ్ళుగా ఎరిగిన ముగ్గురి కోసం
తెలియని మొహాలన్నీ వెతుకుతున్నాను.
వాళ్ళ మోకాలి ఆపరేషన్లు తెలుసు నాకు,
విడాకుల తేదీ తెలుసు,
పిల్లి పేరూ, అది పోయిన రాత్రీ తెలుసు.
ఎత్తు మాత్రం తెలీదు.

గ్వెనిత్ నా భుజం దాకా వచ్చింది.
అక్షరాల్లో అంత నోరున్న మనిషి
ఇంత పిట్టప్రాణమా!
డెరిక్ చేతిలో అట్టముక్క,
దాని మీద వకుళ అని తెలుగులో,
చూసి వేసిన ముగ్గులా,
'ళ' తోక ఇంకోవైపు తిరిగి.
ఆలన్ ఒక్కడే వెనకాల నిలబడ్డాడు.
రాత్రుళ్ళు పేజీలకు పేజీలు రాసేవాడు
"హ" దగ్గరే ఆగిపోయాడు.
హలో అనే చిన్నమాటకి
గొంతులో గడియ పడింది.
నత్తి ఉందని ఆరేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.
చెప్పడానికేముంది,
వేళ్ళకి లేదుగా.

సాయంత్రం నాటకం.
ఒకప్పుడు కత్తులు సానబెట్టిన షెడ్డట అది,
అరవై కుర్చీలు, గోడల్లో ఇంకా ఇనుము వాసన.
టికెట్లు చింపే ఆవిడ నన్ను "లవ్" అంది.
ఇక్కడ అందరినీ అలాగే పిలుస్తారంది గ్వెనిత్,
మన కూరగాయలామె "అమ్మా" అన్నట్టు.
ఇంత చవగ్గా దొరికే ప్రేమ
నాకు నచ్చింది.

నేను మూడో గంట కోసం చూస్తున్నాను.
పొన్నూరు పరిషత్తులో పదకొండేళ్ళు
సైడు వింగులో నక్కి ప్రాంప్టింగు చెప్పినదాన్ని.
మూడు గంటలు కొట్టందే తెర లేవకూడదు.
ఇక్కడ కొబ్బరికాయ లేదు, హారతి లేదు,
పద్యానికి "వన్స్ మోర్" అని లేచే మొండి పెద్దాయన లేడు.
ఎవరో దీపాలార్పారు. అంతే.

ఒక ముసలామె. ఒక ఇస్త్రీ బల్ల.
పోయిన మొగుడి చొక్కాలకి ఇస్త్రీ చేస్తూ
మాట్లాడుతోంది.
సగం యాస నాకందలేదు.
ఓ నీలం చొక్కా కాలరు దగ్గర
ఆమె చెయ్యి ఆగింది.
మాటా ఆగింది.
ఐదు లెక్కపెట్టాను. పది.
డైలాగు మర్చిపోయిందా తల్లీ!
నా నాలుక అంగిట్లో కొట్టుకుంటోంది.
ప్రాంప్టరు బుద్ధి పుడకల్తో గానీ పోదు,
నాకే తెలియని మాట అందించాలని
కుర్చీ అంచుకి జరిగిపోయాను.
ఇస్త్రీపెట్టె బుస్సుమంది.
అప్పుడామె "సరేలే" లాంటిదేదో గొణిగి
చొక్కా మడతపెట్టింది.

బయట వాన కాని వాన.
చేపల కొట్టు ముందు, కాగితం పొట్లాల్లో
వెనిగర్ కారే బంగాళాదుంప ముక్కలు తింటూ
పోట్లాడుకున్నాం.
మర్చిపోయిందని నేను,
నా పదకొండేళ్ళ మీద ఒట్టేసి మరీ.
కాదు, అలాగే రాసుంటారని డెరిక్.
గ్వెనిత్ ఇద్దర్నీ తిట్టి
నా పొట్లంలో చెయ్యి పెట్టింది.
అప్పుడు జేబులో ఫోను వణికింది.
మూడడుగుల దూరంలో ఆలన్
తలొంచుకుని, గడ్డం కింద వెలుతురుతో:

"మాట దొరకనివాళ్ళు ఎదుటి మొహాలు చూస్తారు, దొంగల్లా.
ఆమె చొక్కానే చూస్తూ ఉంది.
అది మర్చిపోవడం కాదు.
ఆ తేడా నాకు తెలుసు."

జవాబు రాద్దామంటే వేళ్ళన్నీ నూనె.
దగ్గరికెళ్ళి పొట్లం చాపాను.
ఒక ముక్క తీసుకున్నాడు.
"థ్..." అన్నాడు.
"థ్... థ్..."
ఏ మాటో నాకు తెలుసు,
కొట్టువాడికీ తెలుసు,
నా నోటి చివరే ఉంది.
అందించలేదు.
పెదాలు బిగబట్టి, చొక్కా చూస్తున్నదానిలా
చేతిలోని పొట్లాన్నే చూస్తూ నిలబడ్డాను.
ట్రామొకటి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది.
అప్పుడొచ్చింది మాట,
మొత్తంగా, తడిసి.

ఆ రాత్రికి అదే ఆఖరి ట్రామట.
కొండలెక్కుతూ నడిచాం,
ఏడింట్లో రెండో, మూడో.